గంగరత్నమ్మ చేతి గుణం

విరూపాక్షయ్య గారు ఎవరితోనూ వాదించేవారు కారు. ఎవరైనా ఏదైనా అడిగితే తాను చూసిన సంగతి ఒకటి చెప్పేవారు. చెప్పడం ముగిశాక దాని సారం ఇదీ అని విడమరిచే అలవాటు కూడా ఆయనకు లేదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆయన మడకశిర దగ్గర ఒక చిన్న ఇంట్లో ఉండేవారు. ప్రకృతిని గురించి తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాళ్ళం కొందరం ఆదివారం సాయంత్రాలు అక్కడ చేరేవాళ్ళం.

మాలో నరహరి అందరికన్నా పట్టుదల గలవాడు. వ్యవసాయ కాలేజీలో చదువుకున్నాడు. ఆ ఏడాది అతని మనసంతా గిజిగాళ్ళ మీద ఉంది. గిజిగాడు గూడు నీటికి ఎత్తుగా కట్టిన ఏడాది వానలు బాగా పడతాయని అతని నమ్మకం. ఊరూరా తిరిగి ముసలివాళ్ళను అడిగాడు. గూళ్ళు ఎత్తుగా ఉండి వానలు బాగా పడిన సంవత్సరాలను వాళ్ళ నోట చెప్పించుకున్నాడు. అవన్నీ గురువుగారి ముందు ఏకరువు పెట్టి, చివరికి కొంచెం నొచ్చుకున్నట్టే అడిగాడు.

"గురువుగారూ, నేను వెతికిన ప్రతిచోటా నా మాటకు బలమే దొరికింది. ఒక్కరు కూడా కాదనలేదు. అయినా మీరు 'పరీక్షించి చూడు' అంటూనే ఉన్నారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

విరూపాక్షయ్య గారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "హనుమంతరాయప్పకు కూడా సాక్ష్యం కొరత లేదు నాయనా," అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి, నాకు గుర్తున్నంతలో, ఇది.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆ ప్రాంతంలోనే ఒక పల్లెలో హనుమంతరాయప్ప అనే రైతు ఇంటి ముందు భాగంలో అద్దెకుండేవారు. ఆ ఇంటివాళ్ళకు మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతారు. పురుగులకని పెంకుల గది ఒకటి కట్టుకున్నారు. దాని వెనక, తండ్రి నాటి పాత కొట్టం ఒకటి ఉంది. ఇంట్లో హనుమంతరాయప్ప, భార్య నంజమ్మ, అతని చెల్లెలు గంగరత్నమ్మ ఉండేవారు. గంగరత్నమ్మ భర్త పెళ్ళయిన కొద్దికాలానికే జబ్బుచేసి పోయాడు. అన్నే వెళ్ళి ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్న తొలి పంటలోనే పురుగులు పోయాయి. నాలుగోసారి పొర విడిచి ఇక నాలుగు రోజుల్లో గూడు కడతాయనుకునే దశలో ఒళ్ళు ఉబ్బి, చర్మం తళతళలాడుతూ, తాకితే చాలు పగిలి పాలలాంటి నీరు కార్చి చచ్చాయి. ఆ రైతులు దాన్ని పాలరోగం అంటారు. తర్వాతి పంటా అంతే. ఊళ్ళో ఆడవాళ్ళు నంజమ్మను పక్కకు పిలిచి, మగడు పోయిన మనిషి అడుగు పురుగుల గదిలో పడకూడదని తెలియదా అని మందలించారు. హనుమంతరాయప్ప మొదట ఆ మాట చెవిన పెట్టలేదు. కానీ మరొక పంట పోతే తట్టుకునే స్థితి లేదు. చెల్లెల్ని లోపలికి రావద్దన్నాడు. ఆ పంట బంగారంలా పండింది. మరుసటి ఏడాది వానలకు ఆకు ఏపుగా వచ్చింది. పురుగులు ఎక్కువ పెట్టుకున్నారు, నంజమ్మ ఒక్కతికి చేతకాక గంగరత్నమ్మను మళ్ళీ పిలిచారు. పురుగులు మళ్ళీ పోయాయి. ఇక దానితో ఆ సంగతి తేలిపోయింది. ఊరికీ తేలిపోయింది, గంగరత్నమ్మకూ తేలిపోయింది.

విరూపాక్షయ్య గారు ఆ ఇంట దిగేసరికి ఆమె వంట చేస్తుంది, పాడి ఎనుములను చూసుకుంటుంది, ఆకు మాత్రం ముట్టదు. తోట నుంచి ఆకు బుట్టలు వస్తుంటే గోడవైపు తిరిగి నిలబడుతుంది, తన చూపు కూడా వాటి మీద పడకూడదని. అలా నిలబడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక పురుగుల గది గోడకు వెలుపల ఆనుకుని కూర్చునేది. లోపల పురుగులు ఆకు తింటూ ఉంటే వచ్చే ఆ సన్నటి సవ్వడి ఆమెకు చిన్నప్పటి నుంచి ఇష్టమట.

ఒకరోజు విరూపాక్షయ్య గారు ఉండబట్టలేక హనుమంతరాయప్పతో ఆ మాట ఎత్తారు. అతను కోపగించుకోలేదు.

"అయ్యవారూ, మీరు చదువుకున్నోళ్ళు. ఇదంతా మూఢనమ్మకం అంటారు. నేను ఎవురో చెప్పింది చెప్తాలేదు, నా కండ్లతో చూసింది చెప్తాండా. అది లోపలికి వచ్చిన పంట పోయింది. రాని పంట నిలిచింది. మళ్ళా వచ్చింది, మళ్ళా పోయింది. నా చెల్లెల్ని అట్ల గోడకు తిప్పి నిలబెట్టాలని నాకు మాత్రం ఉంటాదా?"

విరూపాక్షయ్య గారు అతని మాటను కొట్టిపారేయలేదు. అతను చూసినవన్నీ నిజాలే. ఆయన అన్నది ఒక్కటే: "నువ్వు చూసింది కాదనను. కానీ ఆమె వచ్చిన పంట వేరు, రాని పంట వేరు. కాలం వేరు, ఆకు వేరు. ఒకే పంటను రెండుగా పంచి, సగం నంజమ్మ చేతికి, సగం గంగరత్నమ్మ చేతికి ఇచ్చి చూడు. ఆకు ఒకే కుప్పలోంచి తీయాలి, వేళ ఒకటే కావాలి. తేడా అంతా చేతుల్లోనే ఉండాలి."

"దాని చేతిలోవి పోతే?"

"పోతే నీ మాట నిలుస్తుంది. నేను ఇంకెప్పుడూ ఈ సంగతి ఎత్తను."

హనుమంతరాయప్ప సరేనన్నాడు. ఒప్పుకోనిది గంగరత్నమ్మ. ఆమె కోసమే ఇదంతా తలపెట్టాననుకున్న విరూపాక్షయ్య గారికి అది అంతుపట్టలేదు. ఎందుకు వద్దంటున్నావని అడిగితే ఆమె తల ఎత్తకుండా చెప్పింది.

"ఇప్పుడిది ఊరోళ్ళ మాట అయ్యవారూ. అవునేమో, కాదేమో అని నాలో నేను అనుకోనీకె రవ్వంత చోటుంది. మీరు పరీక్ష పెట్టి తేల్చినాక ఆ చోటు కూడా ఉండదు. అప్పుడు నేను యాడికి పోవాల?"

ఆయన ఆమెను బలవంతపెట్టకుండా వచ్చేశారు. పాఠాల్లో పిల్లలకు ఎన్ని ప్రయోగాలు చేసి చూపించినా, ఫలితం ఒక మనిషి మీద పడుతుందనే ఆలోచన ఆయనకు అంతకుముందు ఎన్నడూ రాలేదు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆమె తనంతట తానే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"పెట్టండి అయ్యవారూ, పరీక్ష. తెలియకుండా బతికేది తెలిసి బతికేదానికన్నా సులువనుకుంటి. కాదు. ఏది తేలినా నాకు చెప్పాల. నేను బాధపడతానని దాచేది వద్దు."

కొత్త పంట గుడ్లు తెచ్చారు. పురుగులు చిన్నవిగా ఉన్నన్నాళ్ళూ అన్నీ ఒకచోటే పెరిగాయి. కాస్త ఎదిగాక వెదురు తట్టల్ని సగానికి సగం పంచారు. ఏ తట్ట ఎవరిదో విరూపాక్షయ్య గారు చీట్లు తీయించి తేల్చారు, బలమైన పురుగులన్నీ ఒకరి వంతుకే పోకుండా. నంజమ్మ వంతు పెంకుల గదిలో ఉంది, గంగరత్నమ్మ వంతు పాత కొట్టంలో. ఒకరు మరొకరి గదిలోకి పోకూడదన్నారు. ఆకు ఒకే కుప్పలోంచి బుట్టలకెత్తారు. ఇద్దరూ చేతులు కడుక్కునే లోపలికి పోయేవారు. అన్నేళ్ళకు ఆకు బుట్ట ఎత్తుకున్న గంగరత్నమ్మ కొట్టం గడప దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కుని వచ్చిందని, నంజమ్మ అది చూసి చూడనట్టు తన తట్టలవైపు వెళ్ళిపోయిందని ఆయన చెప్పారు.

గూడు కట్టే వేళ దగ్గరపడింది. పెంకుల గదిలో పురుగులు నిగనిగలాడుతున్నాయి. పాత కొట్టంలో ఒక తట్టలో నాలుగు పురుగులు ఉబ్బి కనిపించాయి. మర్నాటికి పక్క తట్టకు పాకింది. ఆ వారం తిరగకముందే గంగరత్నమ్మ తన వంతు పురుగులన్నింటినీ తానే ఎత్తి గుంటలో పోసి మన్ను కప్పింది.

హనుమంతరాయప్ప గుంట వైపు ఒకసారి చూసి తోటకు వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదనిపించింది విరూపాక్షయ్య గారికి. ఆమె వచ్చి, "చెప్తానంటిరి కదా అయ్యవారూ, చెప్పండి," అంది. ఆయన చెప్పేదాకా ఆగలేదు. లోపలికి వెళ్ళి తన చీరలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోతుందో ఆమెకే తెలియదు. ఈ ఇంటికి దూరంగా పోతే చాలనుకుంది.

అప్పుడు మాట్లాడింది నంజమ్మ. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఆడపడుచు చేతిలోంచి మూట తీసి పక్కన పెట్టి, "వచ్చే పంటకు కొట్టంలోకి నేను పోతా. నువ్వు పెంకుల గదిలో ఉండు," అంది.

"ఎందుకు వదినా? తేలిపాయె కదా."

"ఏం తేలింది? నీవి పోయినాయి, నిజమే. నీవి ఉండింది కొట్టంలో. అదీ నిజమే. ఏ పురుగులు పోయినా మనమందరం నీ మొగమే చూస్తాం గానీ, అవి ఉన్న చోటు ఎవురూ చూడం. నేను పోయి చూస్తా. నా చేతిలో పోతే నన్ను ఎవురూ ఏమీ అనరు. అదే కదా నీకూ నాకూ తేడా."

చేతులు తప్ప వేరే తేడా ఉండకూడదని పట్టుబట్టిన విరూపాక్షయ్య గారికి గదుల సంగతి తట్టలేదు. అప్పుడు కూర్చుని చెల్లెలు వచ్చినప్పటి నుంచి వేసిన పంటలన్నీ హనుమంతరాయప్ప చేత మళ్ళీ మొదటి నుంచి చెప్పించారు. ఈసారి గంగరత్నమ్మ ఎప్పుడు లోపలికి వచ్చింది అని అడగలేదు. పాత కొట్టం ఎప్పుడు తెరిచారని అడిగారు. చెల్లెలు వచ్చింది కదా, చేతులు పెరిగాయి కదా అని ఎక్కువ పురుగులు పెట్టుకున్నప్పుడు తెరిచారు. ఆమెను రావద్దన్నాక పని చేసేవాళ్ళు లేక మూసేశారు. ఆకు ఏపుగా వచ్చిన ఏడాది మళ్ళీ తెరిచారు. ఆమె లోపల అడుగుపెట్టిన పంటలన్నీ కొట్టం తెరిచిన పంటలే. కొట్టంలోవి చచ్చాక ఆ చేతులతోనే పెంకుల గదిలోవాటికీ ఆకు వేసేవారు కాబట్టి అవీ పోయాయి. నాన్న ఉన్నప్పుడు ఒకసారి ఆ కొట్టంలో పురుగులు ఇలాగే చచ్చాయని, ఆ తర్వాతే పెంకుల గది కట్టించాడని హనుమంతరాయప్ప అప్పుడు చెప్పాడు. ఆ మాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

అయినా విరూపాక్షయ్య గారు తేలిందనలేదు. కొట్టం మీద అనుమానం ఎంత సబబుగా ఉన్నా అది కూడా చూసి తేల్చుకోవలసినదే అన్నారు. ఇంతకు ముందు మాట కూడా సబబుగానే కనిపించింది కదా.

తర్వాతి పంటకు గదులు మార్చారు. మిగతావన్నీ ముందులాగే. నంజమ్మ పాత కొట్టంలోకి వెళ్ళింది, గంగరత్నమ్మ పెంకుల గదిలోకి. ఊళ్ళోవాళ్ళు నంజమ్మకు మతి పోయిందన్నారు. ఆ పంటంతా గంగరత్నమ్మ సరిగ్గా అన్నం తినలేదు. తెల్లారి తలుపు తీసేటప్పుడు మొదటి తట్ట మీద పరిచిన గుడ్డ ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టేది.

నంజమ్మ తట్టల్లో పురుగులు ఉబ్బాయి. గంగరత్నమ్మ పురుగులు గూడు కట్టాయి.

ఇది చూసిన హనుమంతరాయప్ప సంతోషిస్తాడనుకున్నారు అందరూ. అతను విరూపాక్షయ్య గారి దగ్గరకు వచ్చి కూర్చుని, ఎటో చూస్తూ అన్నాడు: "పోయిన పంటకు గంగరత్న కొట్టంలో కాలు పెట్టింది కదా అయ్యవారూ. ఆ దోషం ఇంకా అందులోనే ఉండి, ఇప్పుడు వాళ్ళ వదినవి పోయినాయేమో."

"అంటే ఆమె లోపల ఉంటే ఆమె దోషం, బయట ఉంటే ఆమె వదిలిపోయిన దోషం. ఏం జరిగితే ఆమెది కాదని నువ్వు ఒప్పుకుంటావో నాకు చెప్పు రాయప్పా."

అతను మెల్లగా అన్నాడు: "కొట్టందే తప్పయితే, ఇన్నేండ్లు దాన్ని బయట కూర్చోబెట్టిన నేనేం కావాల అయ్యవారూ?"

విరూపాక్షయ్య గారు అతని భుజం మీద చేయి వేశారు.

మర్నాడు హనుమంతరాయప్ప తనే వచ్చి చెప్పాడు. కొట్టం శుభ్రం చేయిస్తానని, అందులో చెల్లెలే పురుగులు పెంచుతుందని, అప్పుడు నిలిస్తే ఇక తన నోట ఆ మాట రాదని. కొట్టం నేలమన్ను పెళ్ళగించి దూరంగా పారబోశారు. గోడలకు సున్నం కొట్టారు. పాత తట్టలు కాల్చేశారు, కొత్తవి బ్లీచింగు నీళ్ళలో కడిగి ఎండలో పెట్టారు. ఆ పంటకు గంగరత్నమ్మ ఆ కొట్టంలోనే ఉంది. పట్టుగూళ్ళు దించిన రోజు అన్న వాటిలోంచి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. నంజమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది, పొగ వల్ల అంది.

ఊళ్ళో కొందరు ఆ తర్వాత కూడా మానలేదు. మిగతావాళ్ళు మాత్రం ఒక్కొక్కరే తమ కొట్టాల నేల తవ్వించుకున్నారు. తెల్లవారుజామున వచ్చి గంగరత్నమ్మను తమ పురుగులు చూసిపొమ్మని పిలుచుకుపోయిన ఇళ్ళు కూడా ఉన్నాయట. ఆమె చేతి గుణం మంచిదని వాళ్ళు అనడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం ఆ మాటా ఒప్పుకునేది కాదు. "నా చేయి చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. నేల తవ్వండి," అనేదట.

విరూపాక్షయ్య గారు అక్కడితో ఆపారు. నరహరే అన్నాడు: "అయితే గురువుగారూ, కొట్టంలో రోగం ఉందని రుజువైనట్టే కదా."

"ఒక మాట నిలవలేదు. ఇంకో మాట ఇంతవరకు నిలిచింది. నేను చూసింది అంతే."

నరహరి తల వంచుకుని ఆలోచించాడు. అతను తెలివైనవాడు. గిజిగాళ్ళ గూళ్ళు కిందికి కట్టిన సంవత్సరాల గురించి తాను ఏ ఊళ్ళోనూ, ఎవరినీ అడగలేదని అతనికి అప్పటికే తట్టి ఉంటుంది. కానీ అతను అడిగింది వేరు.

"గురువుగారూ, రెండోసారి పెంకుల గదిలో కూడా ఆమె చేతిలోనే పురుగులు పోయి ఉంటే?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు దూరమయ్యాక ఆయన అన్నారు:

"ఆ సంగతి నీకు ఇప్పుడు తోచింది నాయనా. ఆమె రోజూ తెల్లారి ఆ తలుపు తీసేముందు అదే అనుకునేది. అనుకుంటూనే తలుపు తీసేది."